మొక్కల మొదట్లో ఏం పరచాలి? విశాఖ పెరళ్లకి, డాబా తోటలకి మల్చింగ్ ఎంపిక

ఫిబ్రవరి వచ్చిందంటే మా వీధిలో బాదం చెట్టు ఎర్రబడి ఆకు రాలుస్తుంది. రోజుకో గంపెడు. ఎదురింటివాళ్లు దాన్ని ఊడ్చి, సంచుల్లో కుక్కి చెత్తబండిలో వేస్తారు. అదే వారం వాళ్ల డాబా మీదకి కొన్న కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) దిమ్మలు ఎక్కుతాయి. "మాస్టారూ, ఇంతకీ మొక్కల మొదట్లో ఏది పరిస్తే మంచిది?" అని ఎదురింటావిడ ఓ రోజు గేటు దగ్గర అడిగారు. ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. కుండీకి చెప్పింది కొబ్బరిచెట్టుకి పనికిరాదు. కొండవాలు ఇంటికి కుదిరింది బీచ్ పక్క డాబాకి కుదరదు. ఆవిడకి చెప్పాల్సిందంతా ఇక్కడ రాస్తున్నాను.

మల్చింగ్ ఎందుకో చాలామందికి తెలుసు కాబట్టి రెండు మాటలతో సరిపెడతాను. నేల మీద ఎండ నేరుగా పడకుండా, తడి ఆరిపోకుండా, కలుపు లేవకుండా, వాన చినుకు మట్టిని చెదరగొట్టకుండా ఒక దుప్పటి కప్పడం. ఆ దుప్పటి నెమ్మదిగా కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు బీజామృతం (విత్తన శుద్ధి), జీవామృతం (నేలకి సూక్ష్మజీవుల ద్రావణం), వాపస (నేలలో గాలి, తేమ నిలపడం) అనేవాటితో పాటు చెప్పే ఆచ్ఛాదన ఇదే. ప్లాస్టిక్ షీట్ల సంగతి ఇక్కడ ఎత్తను.

## సరుకు చూసేముందు మన ఊరిని చూడాలి

గాలి. పొద్దెక్కేసరికి సముద్రం మీంచి గాలి లేస్తుంది. సాగర్‌నగర్‌లోనో రుషికొండలోనో మూడో అంతస్తు డాబా మీద ఊక పరిచారనుకోండి, సాయంత్రానికి అది పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీద ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తెచ్చిన గాలి లెక్క వేరు, దానికి చెట్లే నిలవలేదు. నేను చెప్పేది రోజూ వీచే గాలి గురించి. పొడిగా, తేలిగ్గా, చిన్న రేణువులుగా ఉన్నదేదీ దానికి ఆగదు.

వాన. ఇతర ప్రాంతాలవాళ్లు రాసిన సలహాలు మనకి బెడిసికొట్టేది ఇక్కడే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అది వెళ్లీ వెళ్లకముందే అక్టోబరు, నవంబరులో వాయుగుండాలు. ఒక్క రాత్రిలో కురిసే వానకి తేలిక సరుకు తేలి కాలవలో కలుస్తుంది. దట్టంగా అతుక్కునే సరుకైతే కింద నేల ఊపిరాడక కుళ్లు వాసన కొడుతుంది. సింహాచలం వైపో, కైలాసగిరి వాలులోనో ఎర్రనేల ఉన్నవాళ్లకి ఇంకో బాధ, మట్టే కొట్టుకుపోతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకి, అలాంటి నేలను వాన ఎలా కోసేస్తుందో చెప్పక్కర్లేదు.

నత్రజని. నేల మీద పడిన చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకి కార్బన్ తిండి, నత్రజని కూడా కావాలి. కార్బన్ ఇరవై అయిదు, ముప్ఫై పాళ్లకి నత్రజని ఒక పాలు ఉంటే వాటికి చాలు. వరిగడ్డిలో ఆ నిష్పత్తి సుమారు 60 నుంచి 80, రంపపు పొట్టులో 300 పైమాటే. తక్కువపడిన నత్రజనిని అవి మట్టిలోంచి లాక్కుంటాయి, మొక్క ఆకుపచ్చగా ఉండాల్సింది పసుపురంగుకి తిరుగుతుంది. ఒక మినహాయింపు ఉంది. పైన పరిచి వదిలేస్తే ఈ లాగుడు పైపొరలోనే జరుగుతుంది, వేళ్ల దాకా పెద్దగా పోదు. మట్టిలో కలిపి తవ్వితేనే నష్టం. ఈ సంగతి తెలియని రోజుల్లో సామిల్లు నుంచి రెండు బస్తాల పొట్టు తెచ్చి వంగ మడిలో గునపంతో కలిపాను. ఆ ఏడాది వంకాయలు కొనుక్కునే తిన్నాం.

పురుగూ పుట్రా. చెదలు, నత్తలు, జెర్రులు, అప్పుడప్పుడూ తేలు. తడిగా, చీకటిగా ఉన్న చోటు వాటికీ ఇష్టమే. కొబ్బరి ఉన్న ఇళ్లలో, చెట్టు మొవ్వు తొలిచే కొమ్ముపురుగు సంగతి కూడా చూసుకోవాలి.

మోయాల్సిన సరుకు. ఇది ఎవరూ లెక్కవేయరు. 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న మడికి 3 అంగుళాల మందం పరచాలంటే 10 ఘనపుటడుగుల సరుకు కావాలి, అంటే 280 లీటర్ల పైన. చెట్టు చుట్టూ ఆరడుగుల వ్యాసార్ధంలో 4 అంగుళాలు వేయాలంటే దాదాపు 38 ఘనపుటడుగులు. ఎండుటాకులైతే వారం రెండు వారాల్లో సగానికి కుంగిపోతాయి కాబట్టి రెట్టింపు తెచ్చుకోవాలి. కొనేముందు ఈ గుణకారం చేస్తే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

## ఎండుటాకులు

నా ఓటు దీనికే. డబ్బు పెట్టక్కర్లేదు, గేటు బయటే ఉంటుంది, వానపాములకి ఇష్టం. అయితే అన్ని ఆకులూ ఒకటి కావు.

వేప, కానుగ, నిద్రగన్నేరు ఆకులు చిన్నవి. వాటి సందుల్లోంచి నీరు దిగుతుంది, తొందరగా కుళ్లుతాయి. మామిడి, పనస, జీడిమామిడి ఆకులు మందం, ఎక్కువకాలం ఉంటాయి, చెట్ల కిందకి బాగుంటాయి. బాదం ఆకుతోనే చిక్కు. అరచేయంత ఆకులు తడిస్తే ఒకదాని మీద ఒకటి విస్తరాకుల్లా అతుక్కుంటాయి. చిన్న వాన నేలకి చేరదు, పెద్ద వాన నీరు వాటి దొప్పల్లో నిలుస్తుంది. దాన్ని బాగా ఎండనిచ్చి, గోనెసంచిలో వేసి కాళ్లతో తొక్కితే పెళపెళా ముక్కలైపోతుంది. పిల్లలకి చెప్తే సరదాగా చేసేస్తారు.

సరుగుడు ఆకు సంగతి కొందరు అడుగుతుంటారు. సూదుల్లా అల్లుకుని గాలికి బాగానే ఆగుతుంది, కాని నెమ్మదిగా కుళ్లుతుంది, ఎండితే అగ్గిపుల్ల చాలు. సరుగుడు తోపు కింద గడ్డి కూడా సరిగ్గా మొలవకపోవడం చూసే ఉంటారు. కూరగాయ మడికి నేను వాడను. తీరం వెంబడి తోపుల్లోంచి ఊడ్చి తేవడం అసలే వద్దు, అక్కడ ఇసుకని పట్టి ఉంచేది ఆ చెత్తే.

ఊడ్చిన ఆకుల్లో ప్లాస్టిక్, గాజుపెంకులు ఏరుకోవాలి. రోడ్డు మీది ఆకైతే తప్పనిసరిగా. ఇక ఆకుని పోగేసి నిప్పుపెట్టేవాళ్లకి ఒక మాట: ఆరుబయట చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించింది, మామూలుగా కాల్చినా 5,000 రూపాయల జరిమానా.

## కొబ్బరి: డొక్కలు, మట్టలు, కోకోపీట్

ఈ మూడూ ఒకే చెట్టువే అయినా మల్చింగ్‌కి మూడు వేరువేరు సరుకులు.

డొక్కల కోసం, అంటే కాయ మీది పీచు తొక్కల కోసం, ఎక్కడికో వెళ్లక్కర్లేదు. బీచ్‌రోడ్డులో బొండాల బండి ఆయన్ని సంచి పట్టుకెళ్లి అడిగితే, "ఏటి బాబూ, డొక్కలేటి సేస్తారు? ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్లిపోండి" అన్నాడు. గాలికి కదలవు, వానకి కొట్టుకుపోవు, నేల మీద రెండేళ్లు పైనే ఉంటాయి. తడిని స్పాంజిలా పట్టి ఉంచుతాయి, పొటాష్ కూడా ఇస్తాయి.

పెట్టే తీరు ముఖ్యం. నేల మీద పరిచేటప్పుడు డొక్కని బోర్లించాలి, గుంట భాగం కిందకి, వీపు పైకి. గుంట పైకి ఉంటే వాననీరు నిలిచి దోమల గుడ్లకి ఊయలవుతుంది, అందులోనూ డెంగీ దోమకి అలాంటి చిన్న నీటి గుంటలే కావాలి. కందకం తవ్వి పాతిపెట్టేటప్పుడు మాత్రం తిరగేస్తారు, వెల్లకిలా, నీరు పట్టడానికి. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరికి 1.8 మీటర్ల, అంటే సుమారు ఆరడుగుల వ్యాసార్ధపు పాదులో డొక్కలు, మట్టలు, పీచుపొట్టు లాంటివి పరచమనే చెప్తుంది. పచ్చి బొండం డొక్కలు ముందు వారం ఎండబెట్టాలి, లేకపోతే పులిసి ఈగలు మూగుతాయి. కుండీలకైతే కత్తితో ముక్కలు కొట్టి, రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, ఆ గోధుమరంగు నీళ్లు పారబోసి వాడండి.

మట్టల ఆకుల్ని రెండడుగుల ముక్కలుగా కోసి పరిస్తే చాలు. ఒంటరిగా కన్నా ఎండుటాకుల పైన బరువుగా బాగా పనికొస్తాయి, గాలికి మూతలాగా.

కోకోపీట్ దగ్గర నాకూ మా ఎదురింటావిడకీ పేచీ. కుండీ మట్టిలో కలపడానికి అది బంగారం, సందేహం లేదు. పైన పరచడానికి మాత్రం కాదు. తడిసినంతసేపూ బాగుంటుంది, ఎండితే పొడై గాలికి లేస్తుంది, జడివానకి కుండీలోంచి తేలి బయటికొస్తుంది. పైగా ఖర్చు. 5 కిలోల దిమ్మ నీళ్లు తాగి ఉబ్బితే 70 లీటర్లకి కాస్త అటూఇటూ వస్తుంది. ఇందాక చెప్పిన చిన్న మడికే నాలుగు దిమ్మలు, చెట్టు పాదుకి పదిహేను. సరిగ్గా కడగని సరుకైతే ఉప్పు కూడా ఉంటుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో దానికి తోడు మరికాస్త ఉప్పు ఎందుకు?

## వరిగడ్డి

కూరగాయ మడికి దీన్ని మించినది లేదు. టమాటా, వంగ, మిరప, ఆకుకూరల వరసల మధ్య మూడు నాలుగు అంగుళాలు పరిస్తే కాయ మట్టి అంటకుండా ఉంటుంది, వాన చినుకుతో మట్టిలోని తెగులు ఆకులకి ఎగరదు. ఆనందపురం, పద్మనాభం వైపు చుట్టాలుంటే ఓ మోపు తెప్పించుకోవడం తేలిక. సిటీలో కొనాలంటే మాత్రం పశువుల మేతతో పోటీ, వేసవిలో ధర మండుతుంది.

చెదలకి ఇష్టం. మిగిలిన వడ్లు మొలకెత్తుతాయి, చేత్తో పీకేస్తే పోతుంది. ఎలకలు గూడు కడతాయి, అందుకని గోడ పక్కన మందంగా వేయకండి. మన తేమకి మూడు నాలుగు నెలల్లో కరిగిపోతుంది, అది మంచిదే, మడి తిరగదున్నే వేళకి మట్టిలో కలిసిపోయి ఉంటుంది.

## కర్ర ముక్కలు, రంపపు పొట్టు

చెట్లకి దీర్ఘకాలం నిలిచేవి కావాలంటే కొమ్మల తునకలే. కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టినప్పుడు, ఇంట్లో మామిడి కత్తిరించినప్పుడు, వేలెడు మందం లోపు కొమ్మల్ని ఆకుతో సహా నరికి పరిస్తే ఏడాది పైనే ఉంటాయి. గాలికీ వానకీ చెక్కుచెదరవు. మిషన్ లేకుండా కత్తితో ఇదంతా చేయడం ఒళ్లు హూనమయ్యే పని, ఒకటి రెండు చెట్లున్నవాళ్లకే సాధ్యం.

రంపపు పొట్టు చౌకే, కాని వానకి గట్టి పెచ్చులా అంటుకుని నీటిని పైనే జార్చేస్తుంది. వాడితే అంగుళం లోపు, అదీ ఒక వానాకాలం బయట మాగనిచ్చి, పెద్ద చెట్ల కిందే. ఫర్నిచర్ షాపు పొట్టు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. అందులో ప్లైవుడ్, ఎండీఎఫ్ పలకల పొడి ఉంటుంది, వాటి జిగురు మనం తినే మొక్కల దగ్గరికి రాకూడదు.

## మిగిలినవి

వరి ఊక తేలిక, గాలికి ఎగురుతుంది, నీటికి తేలుతుంది. గోడ చాటు మడిలో, తడిపి, పైన ఆకు కప్పితే ఫర్వాలేదు. సిలికా ఎక్కువ కాబట్టి త్వరగా కుళ్లదు. మిల్లు బాయిలర్ నుంచి వచ్చే నల్ల ఊక వేరే సరుకు, క్షారగుణం ఉంటుంది, గుప్పెళ్ల లెక్కన వాడాల్సిందే.

చెరకు పిప్పి రసం బండ్ల దగ్గర రోజూ దొరుకుతుంది. తీపి మిగిలి ఉంటుంది కనక తెచ్చిన రోజే పరిస్తే చీమలూ ఈగలూ జాతర చేస్తాయి. కడిగి, నాలుగైదు రోజులు ఎండబెట్టాక చెట్లకి బాగుంటుంది. అనకాపల్లి వైపు బెల్లం వండేచోట పిప్పి దొరుకుతుందనుకుంటారు, అక్కడ అది పొయ్యిలోకే చాలదు. అటువైపు వెళ్తే చెరకు ఆకు అడగండి, వరిగడ్డిలాగే పనిచేస్తుంది, ఇంకాస్త ఎక్కువకాలం ఉంటుంది.

గ్లిరిసిడియా లాంటి పచ్చిరొట్ట చెట్ల కంచె ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పచ్చి కొమ్మలు కోసి పాదులో పడేస్తే వారాల్లో కరిగి నత్రజని ఇస్తుంది. దుప్పటిగా మాత్రం నిలవదు, ఎరువుగా లెక్కేసుకోండి. దాని మీద ఎండుటాకు కప్పితే రెండూ కలిసొస్తాయి.

పచ్చి పేడ, సగం మాగిన పశువుల ఎరువు కొబ్బరి పాదులో పైన పరచకండి. కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది అలాంటి కుప్పల్లోనే. జీడిగింజల పెంకులు చవగ్గా వస్తాయని పలాస వైపు నుంచి తెచ్చినవాళ్లున్నారు, వాటి నూనె చేతులు బొబ్బలెక్కిస్తుంది, వద్దు. మురుగు కలిసే చెరువుల్లోంచి తీసిన గుర్రపుడెక్క కూడా తినే మొక్కలకి వద్దు.

## ఒక్క చూపులో

| సరుకు | గాలికి | జడివానకి | ఎన్నాళ్లు | ఎక్కడికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఎండుటాకులు | పైన బరువుంటే ఆగుతాయి | చిన్నాకు మేలు, బాదం చిదమాలి | 3 నుంచి 5 నెలలు | అన్నిటికీ |
| వరిగడ్డి | తడిశాక ఆగుతుంది | బాగుంటుంది | 3, 4 నెలలు | కూరగాయ మడులు |
| కొబ్బరి డొక్కలు | కదలవు | బోర్లిస్తే ఇబ్బంది లేదు | 2 ఏళ్లు పైన | కొబ్బరి, పండ్ల చెట్లు, వాలు నేల |
| డొక్క ముక్కలు | కదలవు | బాగుంటాయి | ఏడాది పైన | కుండీలు |
| కోకోపీట్ | ఎగురుతుంది | తేలిపోతుంది | చెప్పలేం | మట్టిలో కలపడానికే |
| కొమ్మల తునకలు | కదలవు | బాగుంటాయి | ఏడాది పైన | పెద్ద చెట్లు |
| ఊక | ఎగురుతుంది | తేలిపోతుంది | ఏడాది | గోడ చాటు మడి |
| పచ్చిరొట్ట | ఫర్వాలేదు | త్వరగా కుళ్లుతుంది | కొన్ని వారాలు | ఎరువుగా, ఆకు కింద |

నెలల లెక్క మా పెరట్లో చూసినది. నీడ, నీటి తడి బట్టి మీ దగ్గర కాస్త మారుతుంది.

## మీరు ఏ ఇంట్లో ఉన్నారు?

డాబా, బాల్కనీ కుండీలు. డొక్క ముక్కలు, ఒకటి రెండు అంగుళాలు. అంతకి మించితే కుండీలో మట్టికి చోటుండదు. తీరానికి దూరంగా, గాలి తక్కువ ఉంటే చిదిమిన ఆకు చాలు. అక్టోబరులో వాయుగుండం వార్త వస్తే మల్చ్ ఓ పక్కకి తీసి కుండీ రంధ్రాలు మూసుకుపోలేదని చూసుకోండి. కుండీల్లో మొక్కలు ఎండ కన్నా ఈ నీటి నిల్వకే ఎక్కువ పోతాయి.

పెరట్లో ఒక కొబ్బరి, ఒక మామిడి ఉన్న పాత ఇల్లు. ఏమీ కొనకండి. చెట్టు రాల్చింది చెట్టు కిందే, డొక్కలు బోర్లించి పైన. మామిడికి కొమ్మల నీడ పడేంత దూరం పరవండి, కాండానికి మాత్రం అడుగు దూరం ఖాళీ ఉంచండి. కొందరు మొదలు చుట్టూ పుట్టలా పోగేస్తారు. బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుతుంది, అంత కష్టపడి చెట్టుకి చెరుపు చేసినట్టు.

కూరగాయ మడులు. గడ్డి దొరికితే గడ్డి, లేకపోతే వేప, కానుగ ఆకు. విత్తనం వేసే మడిలో మొలకలు నాలుగు వేళ్ల ఎత్తు వచ్చాకే పరవాలి. ఆకుకూరలకి మందం సగం చాలు.

కొండవాలు ఇల్లు. అందం చూడకండి. డొక్కలు వాలుకి అడ్డంగా వరసలు పేర్చి, వాటి మధ్య ఆకు నింపండి. ఒక్క వానాకాలం గడిచేసరికి ప్రతి వరస ఎగువనా మట్టి చేరి ఉంటుంది.

ఊరి చివర కొన్న స్థలంలో కొత్త మొక్కలు నాటినవాళ్లు. వారానికోసారి కూడా వెళ్లలేరు కాబట్టి ఎక్కువకాలం నిలిచేదే కావాలి: డొక్కలు, కొమ్మలు. ఎండుగడ్డి వద్దు. వేసవిలో ఎవరో విసిరిన బీడీ ముక్క చాలు, మొక్కలతో సహా పోతుంది.

## పరిచే వేళ

కలుపు పీకి, నేల బాగా తడిశాకే. ఎండిన నేల మీద పరిస్తే చిన్నచిన్న జల్లులన్నీ మల్చే తాగేస్తుంది, కింద మట్టి పొడిగానే ఉంటుంది. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక ఒకసారి, ఈశాన్యపు వానలు వెనకబట్టాక డిసెంబరులో ఇంకోసారి వేస్తే వేసవి గట్టెక్కుతుంది. ఇంటి గోడకి అడుగున్నర దూరం వదలండి, చెదలు మల్చ్‌లోంచి గుమ్మాల చెక్కలోకి దారి చేసుకోకుండా. చెద కనిపిస్తే పొర తిరగేసి, గుప్పెడు వేపపిండి చల్లి, రెండు రోజులు ఎండ తగలనివ్వండి.

నత్తల కోసం వానాకాలంలో రాత్రి తొమ్మిది దాటాక టార్చి పట్టుకుని ఒక రౌండు కొట్టాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ నాదే. ఒక డొక్క మాత్రం కావాలనే మడి చివర బోర్లించి వదిలేస్తాను. పగలు నత్తలన్నీ దాని కిందే చేరతాయి, పొద్దున్నే ఎత్తి ఉప్పునీళ్ల డబ్బాలో దులిపేస్తే సరి.